వేళ్లు మనవే, పాట మాత్రం మనది కాదు

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక చేసుకొని చదవండి.

మొన్న స్కాలర్‌షిప్ పని మీద నంద్యాలలో ఒక నెట్ సెంటర్‌కు పోయినా. పక్క సిస్టమ్‌లో ఆళ్లగడ్డ వైపు మన తమ్ముడొకడు పియానో ఆట ఆడుతున్నాడు. మీకు తెలిసిందే, నాలుగు వరసల్లో నల్ల గళ్లు పైనుంచి జారుతుంటాయి, కింద గీత దాటకముందే నొక్కాల. 2014లో ఫోన్లలోకి పియానో టైల్స్ వచ్చినాక ఇట్లాంటివి చానా పుట్టినాయి. బ్రౌజర్‌లోనే నడుస్తాయి, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. వానికి ఒక్క గడి తప్పలేదు. సెంటర్ అన్న కూడా లేచొచ్చి చూసినాడు. "ఏం రా, పియానో నేర్చుకున్నావా?" అంటే, "లేదన్నా, మా తాత డోలు కొడతాడు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు.

ఈ ఆటలు టైం వేస్ట్ అంటారు పెద్దోళ్లు. సగం నిజమే. డీఎస్సీ పుస్తకాలు ముందర పెట్టుకొని రాత్రి ఒంటిగంట దాకా గళ్లు నొక్కేటోళ్లను నేనూ తిడతా. కానీ నా బాధ వేరే.

ఆ ఆటలో నిజానికి మనం వాయించేది లేదు. పాట ముందే నింపి పెట్టింటారు. నొక్కిన ప్రతిసారీ తర్వాతి స్వరం పలుకుతాది, అంతే. మనం ఇచ్చేది లయ ఒక్కటే. ఆ లయ వానికి కంప్యూటర్ నేర్పలేదు, తాత పక్కన కూర్చొని పెరిగినందుకు వచ్చింది. మరి అందులో దొరికే పాటలేమో బీథోవెన్‌వి, మోజార్ట్‌వి. మంచి సంగీతమే, వాళ్ల మీద నాకేం పగ లేదు. పాతవి కాబట్టి హక్కులకు ఎవరికీ డబ్బు కట్టే పని లేదు, అందుకే అందరూ అవే పెడతారు. మన తాండా నగారా, కంచు పళ్లెం అందులో ఎందుకు లేవు? మనలో ఎవరూ పెట్టలేదు కాబట్టి.

మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు డోలి మీద కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో పోయినారు. రెండేండ్లే. మన గూడేల్లో, తాండాల్లో ఏ పద్మశ్రీ రాని తాతలు ఎంతమంది ఉన్నారో చూసుకోండి. సంక్రాంతికి అహోబిలం పారువేట మొదలైతే అందరం ఫోన్లు ఎత్తి పల్లకీనే తీస్తాం, వాయించేటోళ్ల పక్కన ఎవరూ నిలబడరు. నేనూ అంతే.

పని పెద్దది కాదు. డోలుకు ఒక పక్క బరువు దెబ్బ, ఇంకో పక్క సన్న దెబ్బ. నాలుగు వరసలకు అవి చాలు. ఫోన్‌లో రికార్డు చేసి, కొంచెం జావాస్క్రిప్ట్ రాస్తే బ్రౌజర్‌లో పలుకుతాది. (బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఆడొద్దు, శబ్దం ఆలస్యంగా వచ్చి లయ చెడతాది.) ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: చావు దగ్గర కొట్టేవి, దేవర దగ్గర కొట్టేవి ఆటలో పెట్టొచ్చో లేదో పెద్దోళ్లను అడగాల. వద్దంటే వద్దు.

ఆ తమ్ముడు ఆదివారం ఊరికి పోతున్నాడు, తాతను అడుగుతా అన్నాడు. ఫ్యాను ఆపి రికార్డు చెయ్యమని చెప్పినా. కోడింగ్ వచ్చిన బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే కింద చెప్పండి.