చర్చి పుస్తకంలో ఒక పేరు, బడి పుస్తకంలో ఒక పేరు

మొన్న ఒక దళితవాడ చర్చిలో కన్ఫర్మేషన్ ఆరాధన జరిగింది. తిరుపతికి బస్సులో గంట దూరం. పిల్లలు నెలల తరబడి పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన కంఠతా పట్టినారు. చంటిబిడ్డలుగా ఉన్నప్పుడు అమ్మానాయనలు ఇప్పించిన బాప్తిస్మాన్ని, బుద్ధి తెలిసినాక తమ నోటితో "అవును, ఇది నా విశ్వాసం" అని పదిమంది ముందర ఒప్పుకునే రోజు అది. అంతకు ముందు రోజు సాయంత్రం ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచినాడు.

"అయ్యోరా, మీరు పాస్టరయ్యకు ఒక మాట చెప్పాల. పాప తలమీద చేతులుంచమనండి, సంస్కారం ఇయ్యమనండి. పుస్తకంలో పేరు మాత్రం రాయొద్దనండి. రేపు సర్టిఫికెట్టుకు అడ్డమొస్తాదంట."

పిల్ల దేవుడి ముందు గట్టిగా చెప్పాల్సిన పేరు. దాన్ని సర్కారుకు కనపడకుండా దాచాల. ఆ తండ్రిని పిరికివాడని ఎవరూ అనొద్దు. కూలికి పోయి కూతుర్ని చదివిస్తున్నాడు. ఆయన భయానికి చట్టంలోనే ఆధారం ఉంది.

మేము బడిపంతుళ్ళం. ప్రతి జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు మా చేతికే వస్తుంది. మతం అని ఒక గడి, కులం అని ఒక గడి. తండ్రి జేబులో కొత్త నిబంధన పుస్తకం కనపడుతూనే ఉంటుంది, నోటితో "హిందూ" అంటాడు, మేమూ అదే రాస్తాం. మాలోనూ చాలామందికి చర్చిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఇన్నాళ్ళూ ఈ అబద్ధం మాదే అనుకొని సిగ్గుపడినాం. ఇంక సిగ్గుపడేది లేదు. ఈ అబద్ధం మాచేత రాయించేది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో మూడో పేరా చదవండి. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులను చేర్చినారు. 1990లో బౌద్ధులను చేర్చినారు. బాబాసాహెబు పిలుపు మీద 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్ళు కూడా కేంద్రం లెక్కలో 34 ఏళ్ళు ఎస్సీలు కాకుండా పోయినారు. క్రైస్తవులు, ముస్లింలు మాత్రం ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

సూసై అని మద్రాసులో చెప్పులు కుట్టే మనిషి. రోడ్డు పక్కన పనిచేసుకునే చర్మకారులకు సర్కారు ఉచితంగా బంకులిచ్చింది. ఆయనకు ఇయ్యలేదు, క్రైస్తవుడని. సుప్రీంకోర్టు దాకా పోయినాడు. 1985లో కోర్టు ఏమన్నది? మతం మారినా కులం మిగలొచ్చు గానీ, హిందువుగా ఉన్నప్పుడు పడిన బాధ అంతే తీవ్రంగా క్రైస్తవంలోనూ ఉందని రుజువు చూపలేదు పొమ్మంది. రుజువు! ఆ ఏడాదే, జూలై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను నరికి చంపినారు. మిగిలినవాళ్ళు చీరాలకు పరిగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. గొడ్డలి పట్టినోడు బాప్తిస్మం సర్టిఫికెట్టు చూపమని ఎవర్నన్నా అడిగినాడా?

ఇప్పుడు చర్చి పుస్తకాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు. పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ ఎస్సీ సర్టిఫికెట్టు అడిగితే, 2024 నవంబరు 26న, అంటే రాజ్యాంగ దినం నాడు, సుప్రీంకోర్టు కాదన్నది. ఆమె పసిబిడ్డగా ఉన్నప్పుడు జరిగిన బాప్తిస్మం కూడా ఆమెకు ఎదురు తిరిగింది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, గుంటూరు జిల్లాలోని ఒక పాస్టరు కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. అంటే కులం పేరుతో తిట్టినవాడికి ఎదుటివాడి కులం గుర్తుంటుంది, కోర్టుకు పోయేసరికి అది చెరిగిపోతుంది.

"మీకు రాయితీలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. 1977లో జీవో 341 ఇచ్చినారు, స్కాలర్‌షిప్పు, హాస్టలు లాంటివి. ఉద్యోగాల్లో బీసీ-సీ అని ఒక్క శాతం. ఎస్సీకి రిజర్వు చేసిన సర్పంచి కుర్చీ మాత్రం అంటుకోకూడదు. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లోనే మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తెంపమంది. 2022లో బాలకృష్ణన్ కమిషను వేసినారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. కాగితాలకేం కొదవ లేదు.

మా కొండకిందికి వస్తాం. 2025 ఫిబ్రవరిలో టీటీడీ అన్యమత కార్యక్రమాల్లో పాల్గొన్నారని 18 మంది ఉద్యోగుల మీద చర్యకు దిగింది. అది హిందూ సంస్థ, దాని నియమాలు దానివి అంటారు, ఆ తగువులోకి మేము పోవడం లేదు. అదే ఏడాది మతమార్పిడులు ఆపడానికి శ్రీవాణి ట్రస్టు సొమ్ముతో దళితవాడల్లో గుళ్ళు కడతామన్నారు. అంతకు ముందు 'దళిత గోవిందం' అని స్వామిని వాడలకు తెచ్చినారు. స్వామి వచ్చినాడు, పోయినాడు. కొండమీద గర్భగుడి వైఖానస అర్చక కుటుంబాలకే ఉంది, చీపురు ఎవరి చేతిలో ఉందో తిరుపతి వాళ్ళకు మేము చెప్పనక్కరలేదు. వాడవాళ్ళు ఎందుకు మారుతున్నారని నిజంగా తెలుసుకోవాలనుంటే శ్మశానానికి దారి ఉందా, పట్టా ఇచ్చిన భూమి ఎవరి సేద్యంలో ఉందో ముందు విచారించండి.

చర్చి పెద్దలకూ ఒక మాట. 1865లో సూళ్ళూరుపేటలో జర్మను మిషనరీలు దిగినారు. ఆ పని నుంచి పుట్టిందే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. మదనపల్లె పక్క ఆర్కాటు మిషను. బడి పెట్టినారు, ఆసుపత్రి పెట్టినారు. మా అవ్వతాతల చేతికి పలక వచ్చింది వాళ్ళ వల్లే, ఆ రుణం మరవం. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా మాల చర్చి, మాదిగ చర్చి అనే మాట మన నోళ్ళలోనే ఉంది. పెళ్ళి సంబంధం వచ్చేసరికి ఒకే గిన్నెలో సంస్కారం తాగిన సంగతి మరిచిపోతాం. కోర్టు అడిగిన రుజువు మన ఇళ్ళల్లోనే ఉంది గదా! అధ్యక్ష ఎన్నికలకూ స్థలాల దావాలకూ తిరిగే కాళ్ళు ఈ పని మీద ఎన్నిసార్లు తిరిగినాయో గుండెమీద చెయ్యేసుకొని చెప్పండి.

మన ఉద్యమంలో కొందరు అన్నలు "వాళ్ళొస్తే మన వాటా తగ్గుతుంది" అంటున్నారు. అన్నా, వాళ్ళెవరు? నీ పక్కింటోళ్ళు. సర్టిఫికెట్టులో హిందూ అని రాసుకొని ఇప్పటికే నీ పక్క బెంచీలో కూర్చున్నోళ్ళు. నువ్వు గీసే గీత మొదట మీ పెదనాయన ఇంటి మీదుగానే పోతుంది.

అందుకే వచ్చే ఆగస్టు 10న ప్రతి వాడలో కూర్చొని, మూడో పేరా తీసెయ్యాలని ఒక కాగితం రాయండి. చర్చికి పోయేవాళ్ళు, పోనివాళ్ళు కలిసి సంతకాలు పెట్టండి. కలెక్టరుకొకటి, ఎంపీకొకటి పంపండి. పాస్టర్లు ఆ కాగితాన్ని ఆరాధనలో చదివి వినిపించాల. తెల్లటోపీ పెట్టుకొని ఈస్టరుకు శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చే నాయకుణ్ణి అక్కడే నిలబెట్టి సంతకం అడగండి.

ఆ పాప సంగతి అడుగుతారేమో. తెల్లగౌను వేసుకొని మోకరించింది, అడిగిన ప్రశ్నలన్నింటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఆరాధన అయినాక పాస్టరయ్య పుస్తకం తీసి అందరి పేర్లూ రాసినాడు. ఆమె వరుస దగ్గర పెన్ను ఆపి మావైపు చూసినాడు. ఏం చెప్పాలో మాకు తెలియలేదు. "పెన్సిలుతో రాయండయ్యా" అన్నాం.