కడబంతి అభ్యర్థులు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. అమెరికా అధ్యక్ష పదవిని కోరేవారిలో కొందరు దీన్నే నమ్ముకున్నట్లున్నారు.

1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీకి దిగలేదు. అయినా షికాగో మహాసభలో డెమోక్రాటిక్ పార్టీ ఆయననే అభ్యర్థిగా ఎన్నుకుంది. వడ్డించినవారు పార్టీ పెద్దలు. ఆయన వారి మనిషి. ఆ సభప్పుడు వీధుల్లో రేగిన అలజడీ, నవంబరులో ఓటమీ చూశాక పార్టీ నిబంధనలు మార్చుకుంది. 1972 నుంచి గరిటె చాలావరకు ఓటరు చేతికి వచ్చింది.

ఈ మార్పు గ్రహించనివారు నష్టపోయారు. 2008లో రూడీ జూలియానీ తొలి రాష్ట్రాలపై ఆశ వదిలి ఫ్లారిడా మీదే గురిపెట్టారు. అక్కడ దక్కింది మూడవ స్థానం, మర్నాడే తప్పుకున్నారు. 2020లో మైకేల్ బ్లూంబర్గ్ మొదటి నాలుగు రాష్ట్రాలూ వదిలేసి, వందకోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము కుమ్మరించారు. గెలిచింది అమెరికన్ సమోవా దీవులొక్కటే!

తొలి రాష్ట్రాల్లో దొరికే ప్రతినిధులు పిడికెడే. కాని గెలిచినవాడి పేరు పత్రికల్లో మారుమోగుతుంది. చందాలు అటే పారుతాయి. రానివాణ్ణి జనం మరచిపోతారు.

మరి ఓడితేనో? అదే 2020లో జో బైడెన్ అయోవాలో నాలుగవవారు, న్యూ హాంప్‌షైర్‌లో అయిదవవారు. అయినా విస్తరి ముందునుంచి లేవలేదు. దక్షిణ కరొలైనాలో గెలిచారు; చివరకు అధ్యక్షులే అయ్యారు.

ఓటరు ఓడినవాణ్ణి క్షమిస్తాడు. తన గడప తొక్కనివాణ్ణి మాత్రం క్షమించడు.