దుమ్ము మనది, లెక్క వాళ్లది: బొగ్గు ప్రాంతానికి స్వతంత్ర అధ్యయనం ఎందుకు కావాలి?

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో గాని, గోదావరి దాటి గోదావరిఖనిలో గాని ఓపెన్‌కాస్ట్ పక్కనున్న వాడలకు పోతే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి దుమ్ము, రెండోది బ్లాస్టింగ్‌కు బీటలిచ్చిన గోడ. గని అనుమతి కోసం రాసే నివేదికల్లో మామూలుగా ఈ మాటలు ఉండవు. ‘పీఎం 10’, ‘పీపీవీ’ అని ఉంటుంది. పక్కన ఒక అంకె, దాని కింద ‘పరిమితికి లోబడి ఉంది’ అనే వాక్యం.

వాడలో మాటకూ నివేదికలో అంకెకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే పనినే సైన్స్ కమ్యూనికేషన్ అంటారు. మన దగ్గర ఆ మాట వింటే బళ్లో ప్రయోగాలు చూపడం, గ్రహణం భయాలు పోగొట్టడం గుర్తొస్తాయి. అవీ అవసరమే. కాని బొగ్గు ప్రాంతంలో అది హక్కుల సమస్య. ఎవరు కొలుస్తున్నారు, ఎవరి డబ్బుతో కొలుస్తున్నారు, ఎవరి భాషలో చెబుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఇచ్చిన చోటు

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి.

మెలిక ఇక్కడే ఉంది. తెలుగులో వచ్చేది సారాంశమే. వందల పేజీల నివేదిక, కొలతల పట్టికలు ఇంగ్లీషులో ఉంటాయి. దాన్ని తయారు చేసే కన్సల్టెన్సీకి గుర్తింపు ఉండాలి నిజమే, కాని దానికి డబ్బులిచ్చేది గని తవ్వే సంస్థే. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పో కాదు, పద్ధతే అలా ఉంది.

భాష గురించి ప్రభుత్వ వైఖరి 2020లో బయటపడింది. ఈ నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న ముసాయిదాను ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం అనువదించడానికి బదులు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 మేలో మరో అడుగు వేసింది. అప్పటికే 40 శాతం విస్తరణకు అనుమతి పొందిన బొగ్గు గనులు కొత్త ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా 50 శాతం దాకా పోవచ్చంది. అంటే ప్రజలు అడగగలిగే చోటే తగ్గుతోంది.

అంకెలు చదవడం నేర్చుకుందాం

పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకన్నా సన్నని దుమ్ము. అది వెంట్రుక మందంలో సుమారు ఆరో వంతు. పీఎం 2.5 ఇంకా సన్నం, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 10 రోజు సగటు 100 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 60 దాటకూడదు. పీఎం 2.5కు ఆ అంకెలు 60, 40. బొగ్గు గనులకు మాత్రం 2000లో వేరే ప్రమాణాలు నోటిఫై చేశారు. అవి దీనికంటే సడలింపుగా ఉంటాయి.

కాబట్టి ‘పరిమితికి లోబడి’ అని చదవగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ పరిమితి? గనిదా, ఊరిదా? రెండో ప్రశ్న: యంత్రం ఎక్కడ పెట్టారు? ఆఫీసు మీదనా, బొగ్గు లారీల బాట పక్కనున్న వాడలోనా? మూడోది: ఏ నెలలో, ఎన్ని రోజులు? చాలా నివేదికలకు ఆధారం వానాకాలం కాని ఒక్క సీజన్ కొలతలే. పైగా సగటు చాలా దాస్తుంది. రోజు సగటు 90 ఉన్నచోట బ్లాస్టింగ్ తర్వాతి గంటలో దానికి మూడింతలు ఉండొచ్చు. సగటులో ఆ గంట కనిపించదు, ఆ గంటలో గాలి పీల్చిన పిల్లా కనిపించదు.

పీపీవీ అంటే బ్లాస్టింగ్‌కు నేల ఎంత వేగంతో అదిరిందో చెప్పే కొలత. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, కంపెనీవి కాని ఇళ్ల దగ్గర ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15 పరిమితి. అంటే 9 అనే అంకె ఒకచోట నిబంధన ఉల్లంఘన, ఇంకోచోట కాదు. ఫ్రీక్వెన్సీ రాయని పీపీవీ సగం లెక్కే. మట్టి గోడల ఇంటినీ సిమెంటు ఇంటినీ ఆ సర్క్యులర్ ఒకే గాటన కట్టిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దుమ్ము లెక్కలో కులం

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. భూగర్భ గనులు తగ్గాయి, బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ నుంచే వస్తోంది. మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. పర్మినెంట్ నౌకరీ ఇచ్చే బొగ్గుబాయి తగ్గి, దుమ్ము ఇచ్చే బొగ్గుబాయి పెరిగింది. భూమి పోయినవాళ్లకు పరిహారం గురించి కొట్లాడే కాగితమైనా ఉంటుంది. ఆ భూమి మీద కూలి చేసుకున్న దళిత కుటుంబానికి అదీ ఉండదు.

గని కార్మికుడికి చట్టం కింద నిర్ణీత కాలానికి వైద్య పరీక్ష ఉంది. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యూమోకోనియోసిస్ ఆ చట్టం గుర్తించిన జబ్బు. అదే దుమ్ము ఇంట్లో పీల్చే ఆడవాళ్లకు, పిల్లలకు ఆ చట్టంలో చోటు లేదు.

నివేదికలో ఎస్సీ జనాభా ఉంటుంది, సామాజిక స్థితి అధ్యాయంలో. దుమ్ము ఉంటుంది, గాలి అధ్యాయంలో. ఈ రెండు అంకెలు ఒకే పట్టికలో కలవవు. గనికి 10 కిలోమీటర్ల చుట్టు గీత గీస్తారు గాని, ఆ గీతలో మాదిగవాడ ఎటుందో, గాలి ఎటు వీస్తుందో కలిపి చూపరు. స్వతంత్ర అధ్యయనం చేయాల్సిన మొదటి పని ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం.

మనకు దారి కొత్తది కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు 1943 డిసెంబర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనిలోకి స్వయంగా దిగారు. మరుసటి నెలలోనే, 1944 జనవరిలో, బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది.

యూనివర్సిటీలు ఏం చేయాలి?

ఈ ప్రాంతంలో చదువుల సంస్థలు లేక కాదు. జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కాలేజీ సెంటినరీ కాలనీలో గనుల మధ్యనే ఉంది. కరీంనగర్‌లో శాతవాహన, వరంగల్‌లో కాకతీయ ఉన్నాయి. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయ్యింది. భూమిని చదివే యూనివర్సిటీ భూమి మీద మనుషులనూ చదవాలని అడగడం న్యాయం.

స్వతంత్రం అంటే మూడు షరతులు. డబ్బు కంపెనీ నుంచి నేరుగా రాకూడదు. కొలతలన్నీ బయటపెట్టాలి, ఫలితం ఎవరికి నచ్చకపోయినా అచ్చు వేయాలి. కొలిచిన వాడలోనే తెలుగులో చదివి వినిపించి, జనం అడిగే ప్రశ్నలను నివేదికలో చేర్చాలి.

ఇందుకు నిధి ఉంది. 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ ఫౌండేషన్లకు గని కంపెనీలు రాయల్టీ మీద వాటా కడుతున్నాయి. కనీసం 60 శాతం తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం, చదువు వంటి వాటికే ఖర్చు చేయాలని 2015 మార్గదర్శకాలే చెప్పాయి. అందులో ఒక చిన్న భాగంతో వాడవాడకు దుమ్ము కొలత, ఊపిరితిత్తుల పరీక్ష, బొగ్గు ప్రాంత దళిత బహుజన విద్యార్థులకు సైన్స్ కమ్యూనికేషన్ ఫెలోషిప్‌లు పెట్టొచ్చు.

ఫెలోషిప్ అన్న మాట తేలిగ్గా అనడం లేదు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలని కోరుకున్న రోహిత్ వేములను 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పోగొట్టుకున్నాం. సైన్స్, టెక్నాలజీ, సమాజం మధ్య సంబంధమే ఆయన పరిశోధన రంగం. ఆయనకు రావాల్సిన ఫెలోషిప్ నెలల తరబడి ఆగింది. ఇక భారతీయ భాషల్లో సైన్స్ చెప్పడానికి 1989లో పెట్టిన విజ్ఞాన్ ప్రసార్‌ను కేంద్రం 2023లో మూసేసింది. మన పిల్లలు సైన్స్ చదివినా, దాన్ని మన వాడకు తెచ్చే దారులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.

అందుకే విద్యార్థి సంఘాలు నిధుల కోసం ఎదురుచూడకుండా మొదలుపెట్టాలి. అనుమతి పొందిన ప్రతి గని ఆరు నెలలకోసారి నిబంధనల అమలు నివేదిక ఇవ్వాలి. దాన్ని తీసుకోండి, లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. యంత్రం పెట్టిన చోట్లను ఊరి పటం మీద గుర్తుపెట్టండి. బ్లాస్టింగ్ తేదీ, సమయం, గోడ మీద బీట ఫొటో నమోదు చేయండి. ప్రజాభిప్రాయ సేకరణలో అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. నౌకరీ, పరిహారం డిమాండ్లతో పాటు ఒక్క అదనపు డిమాండ్ రాయండి: మా వాడ గాలిని కంపెనీ డబ్బుతో సంబంధం లేనివాళ్లు కొలవాలి, ఆ లెక్క మాకు తెలుగులో చెప్పాలి.