పేరులేని భాగస్వాములు

పానీయపు సీసామీదను తినుబండారపు పొట్లముమీదను ఒక్క సంస్థ పేరే కానవచ్చుటచేత, అందలి రుచియు రూపమును చెడక నిలుచు గుణమును ఆ సంస్థ గోడలలోపలనే, దాని జీతగాండ్ర బుద్ధిబలముననే పుట్టినవని మనము సులభముగా విశ్వసింతుము. కాని యీ వ్యాపారపు చరిత్రను కొంచెము తిరుగవేసినచో, పేరుపడిన నూతనవస్తువులలో పెక్కింటికి వెలుపలివారి యోచనయో యంత్రమో పంటయో మూలమైయుండుట తేటపడును. 2003లో హెన్రీ చెస్‌బ్రో అను అమెరికా ఆచార్యుడు దీనికి ‘ఓపెన్ ఇన్నోవేషన్’ అని నామకరణము చేసినది మొదలు, వాణిజ్యపండితులు దీనిని నవీనసిద్ధాంతముగా బోధించుచున్నారు. సిద్ధాంతము నవీనమే కావచ్చును గాని ఆచారము ప్రాతది.

1899లో అమెరికాలోని చట్టనూగా పట్టణపు న్యాయవాదులిరువురు, కోకాకోలాను సీసాలకెత్తి అమ్ముకొను హక్కును ఆ దేశములో అధికభాగమునకు ఒక్క డాలరు వెలకు సంపాదించిరి. సీసాలయందు నమ్మకములేని యజమాని ఏసా క్యాండ్లరు ఆ డాలరునైనను వసూలు చేసికొనలేదని చెప్పుదురు. పిమ్మట అనుకరణలు మితిమీరగా, 1915లో సంస్థవారు గాజుపనివారికి ఒక పోటీ పెట్టి, చీకటిలో తడిమినను, పగిలి నేలబడియున్నను గుర్తింపదగిన సీసాను కల్పింపుడని కోరిరి. ఇండియానా రాష్ట్రములోని రూట్ గాజుసంస్థవారు కోకా ఆకును గూర్చి వెదకబోయి, విజ్ఞానసర్వస్వములో కోకో కాయ బొమ్మను చూచి, దాని నిలువుగాడులనే సీసాకు దిద్ది గెలిచిరట. ఆ షరతులోని స్పష్టతయే నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. తనకేమి కావలెనో చెప్పజాలనివానికి వెలుపలి మేధావి యెవ్వడును తోడుపడలేడు.

నెస్‌కెఫే పుట్టుక యింతకంటెను విచిత్రము. 1929 నాటి ఆర్థికపతనమున కాఫీ ధర కూలి, బ్రెజిల్ గిడ్డంగులలో సరకు కొండలై పేరుకొనగా, అమ్ముడుపోని గింజలను తగులబెట్టింపవలసిన దుర్దశ ఆ దేశమునకు పట్టెను. ఆ కాఫీయందు తన ధనము చిక్కుకొనిన బ్యాంకొకటి, వేడినీటిలో కరగియు రుచి చెడని కాఫీని చేయగలరాయని స్విట్జర్లాండులోని నెస్లే సంస్థ నడిగెను. మాక్స్ మోర్గెన్‌థాలరను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ పనికి పూనుకొని, ఏండ్లు గడచినను ఫలము కానరాక సంస్థ చేయి దించుకొనినను, తన యింటనే ప్రయోగములు సాగించి, పాలును చక్కెరయు కలిసిన కాఫీ తన పరిమళమును ఎక్కువకాలము నిలుపుకొనుట గమనించి, ఆ దారి పట్టి సాధించెను. 1938 ఏప్రిల్ 1వ తేదీన ఆ పొడి అంగళ్లకు వచ్చెను. సమస్య బ్రెజిల్ గిడ్డంగిది, కీర్తి స్విట్జర్లాండు డబ్బాది. గింజ పండించిన కూలివాని ప్రస్తావన ఆ డబ్బాపై ఎక్కడను లేదు.

ఈ పేరు లేమికి మనయింటనే ఒక నిదర్శనము కలదు. పసుపు మార్కెట్టుకు ప్రసిద్ధికెక్కిన గుంటూరు జిల్లా దుగ్గిరాలలో, కాఫీతోట యొక్కటియు లేని మాగాణినేలలో, సి.సి.ఎల్. ప్రోడక్ట్స్ వారు ఇన్‌స్టంట్ కాఫీని తయారుచేసి, నానాదేశముల వర్తకులు తమతమ పేర్లు అంటించుకొని అమ్ముకొనుటకై పంపుచున్నారు. పరదేశమున ఉదయముననే ఆ కాఫీ త్రాగువానికి దుగ్గిరాల యను గ్రామమున్నదని తెలియదు. ఇందు మోసమేమియు లేదు. ఇరుపక్షములును తెలిసి చేసికొనిన బేరము. వెలయు నాణ్యమును ముందుగనే కాగితముమీద తేల్చుకొన్నవాడు పేరును వదలుకొనినను నష్టపడడు. నా ఆందోళన యెల్ల, పేరును వెలయు రెండును పోగొట్టుకొనువారిని గూర్చియే.

అందుచేతనే గుజరాతులోని ఆనందు పట్టణపు గాథ నాకు పదేపదే జ్ఞప్తికి వచ్చుచుండును. ఖేడా జిల్లా పాలరైతుల సహకారసంఘమునకు చలికాలమున పాలు వెల్లువెత్తుచుండెను. వానిని పొడిచేసి దాచుకొందమన్నచో, వెన్న యెక్కువగా నుండు గేదెపాలు పొడికి పనికిరావని పాశ్చాత్యనిపుణులు పెదవి విరిచిరి. హెచ్. ఎం. దలాయా అను ఇంజనీరు, ఆ పాలను వేడిగాలిలో చిమ్మి పొడిచేయవచ్చునని ఋజువు చేసెను; యంత్రముల విషయమున యూనిసెఫ్ సంస్థ తోడ్పడెను; 1955 అక్టోబరు 31వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆ కర్మాగారమును ప్రారంభించెను. అంతటితో నిలువక, శిశువులకు జీర్ణమగు ఆహారమును గేదెపాలనుండియే చేయుట యెట్లను ప్రశ్న మైసూరునకు పోయెను. అచట 1950లో చెలువాంబా రాజభవనమున వెలసిన కేంద్ర ఆహారసాంకేతిక పరిశోధనాసంస్థ శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిని కనుగొని సహకారసంఘమున కొసంగిరి. ఆవుపాలే శిశువునకు తగునని చెప్పుచు పరదేశీయులు డబ్బాలమ్ముకొనుచున్న దినములలో, ప్రజల ధనముతో నడుచు ప్రయోగశాలయు, పాలుపిండు రైతుల సంఘమును కలిసి ఆ వాదమును పూర్వపక్షము చేసినవి. ఆ లాభము తిరిగి ప్రొద్దున్నే పాలచెంబుతో వరుసలో నిలుచు రైతు చేతికే చేరెను. ఏలయన, సంస్థకు యజమాని వాడే. వెలుపలి విజ్ఞానమును తెచ్చుకొనుటలో ఇంతకంటె ఋజువైన మార్గమును నేను ఎరుగను.

పెద్ద సంస్థల లెక్క వేరు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వారు తమ ప్రింగిల్స్ చిప్స్‌పై బొమ్మలు అచ్చువేయదలచినప్పుడు, ఇటలీలోని బొలోన్యా నగరమున చిన్న బేకరీ నడుపుచున్న విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకడు, కేకులపై తినదగిన సిరాతో బొమ్మలచ్చువేయు యంత్రమును అప్పటికే కనిపెట్టియుండుట తెలిసికొని, అతని పద్ధతిని కొని, 2004లో సరకును విపణికి తెచ్చిరి. అప్పటి వారి పరిశోధకులు సుమారు 7,500 మందియే. వెలుపల అంతటి సమర్థులు 15 లక్షలమంది యుందురన్నది వారి అంచనా. ఆచార్యునకు తన వస్తువు విలువ తెలియును, పత్రము చదువగలడు. కాబట్టి అతనిని గూర్చి మనము బెంగపడ నక్కరలేదు.

చదువురాని భాగస్వామి మాటయో? గుజరాతులో పెప్సీకో సంస్థ, చిప్స్ కొరకు ఎఫ్.సి.5 అను బంగాళాదుంప రకమును ఒప్పందముపై రైతులచే పండింపించెడిది. దానిని తన యనుమతి లేక పండించిరని 2019లో కొందరు రైతులపై వ్యాజ్యము వేసి, నలుగురినుండి తలకు కోటిరూపాయలకు పైగా నష్టపరిహారము కోరెను. దేశమంతటను గగ్గోలు పుట్టగా మే నెలలో ఆ వ్యాజ్యములను ఉపసంహరించుకొనెను. 2021లో సస్యరకముల పరిరక్షణాధికారసంస్థ ఆ రకముపై పెప్సీకోకు ఉన్న నమోదును రద్దుపరచెను. 2024 జనవరిలో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఆ రద్దును కొట్టివైచెను. నమోదు సంస్థకు దక్కినది, నిజమే. అయినను 2001 నాటి సస్యరకముల, రైతుహక్కుల పరిరక్షణచట్టము, రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకును, విత్తుటకును, వ్యాపారనామము పెట్టక యమ్ముటకును ఇచ్చిన హక్కు నేటికిని చెక్కుచెదరలేదు. కోటి రూపాయల తాఖీదు అందుకొనిన రైతులలో ఎందరికి ఆ సంగతి ముందుగా తెలిసియుండునో ఊహించుకొనవచ్చును.

ఇది చిరుధాన్యముల కాలము. హైదరాబాదు రాజేంద్రనగరులోని భారతీయ చిరుధాన్య పరిశోధనాసంస్థ, జొన్న అటుకులు, రవ్వ, సేమియా మొదలగువాని తయారీపద్ధతులను లైసెన్సులపై వ్యాపారులకిచ్చుచు, క్రొత్తగా వ్యాపారము పెట్టువారికి తన ఆవరణలోనే ఆశ్రయమిచ్చుచున్నది. మెచ్చదగిన పనియే. కాని కొర్ర, సామ, అరికెలను లోకము మరచిన దశాబ్దములలో విత్తనము చెడకుండ కాచినవారు జహీరాబాదు ప్రాంతపు పేద దళితస్త్రీలు. వారి సంఘములతో పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వచ్చినది గాని, నగరపు అంగడిలో కొర్రబిస్కత్తు అమ్ముడైనప్పుడు ఆ స్త్రీలకు వచ్చునదేమి? పైన చెప్పిన చట్టమే, విత్తనజాతులను కాపాడిన సమాజములకు ప్రతిఫల మిచ్చుటకై జాతీయ జన్యునిధిని ఏర్పరచినది. కావున లైసెన్సు వ్రాయునప్పుడే అమ్మకములో కాపాడినవారికి పోవు వంతును అందు చేర్చి, ఏ పద్ధతికి ఏ ప్రాంతపు గింజ ఆధారమైనదో అనుబంధముగా జతపరచి, ఆ పత్రములను ప్రజలెల్లరు చూడగలుగునట్లు వెల్లడించుట రాజేంద్రనగరు సంస్థ తనంత తానుగా ఈ సంవత్సరమే ఆరంభింపదగిన పని.