గురి, గుర్తు



తెలుగు పండితునికీ తుపాకికీ సంబంధమేమిటని మీరు అడుగక ముందే ఒప్పుకొంటున్నాను, ఏమీ లేదు. ఉద్యోగమున్నన్నాళ్లు నా చేతి ఆయుధం సుద్దముక్క ఒక్కటే. దాన్ని వెనుక బెంచీ మీదికి విసిరినప్పుడు తగలవలసిన వాడికి తగిలిన సందర్భాలు బహు తక్కువ. అయినా ఈ టపా వ్రాయవలసి వచ్చింది.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. ఇద్దరు మిత్రులతో కలిసి డల్లాస్ నగరానికి రెండు గంటల దూరంలో నలభై ఎకరాలు కొన్నాడు. పశువుల గడ్డి పెంచి, కోసి, కట్టలు కట్టి అమ్ముతారు. మొన్న ఒక్క రాత్రిలో అడవిపందుల మంద వచ్చి నాలుగెకరాలు మడకతో దున్నినట్లు పెళ్లగించి పోయిందట. "మావయ్యా, తుపాకికి బిగించే థర్మల్ స్కోపు ఒకటి చూశాను. నాలుగు వేల డాలర్లు. చీకట్లో కూడా పంది పట్టపగటిలా కనబడుతుంది. కొనమంటారా?" అని ఫోను చేశాడు. అంత దూరాన్నుంచి నన్నెందుకు అడిగాడంటే, ఇంట్లో భార్య వద్దన్నది. పెద్దవారి మాట తెచ్చుకొంటే నెగ్గవచ్చునని వాడి ఎత్తు.

"వద్దు" అని ఒక్కమాటతో తేల్చివేయవచ్చు. కాని పంట పోయినవాడి కడుపుమంట నాకు తెలియనిది కాదు. మా సీమ పల్లెలో వేరుశనగ కాయ ఊరే రోజుల్లో మా నాయన మంచె మీద రాత్రంతా డబ్బా వాయిస్తూ కూర్చునేవాడు. తెల్లవారుజామున ఒక్క కునుకు తీస్తే చాలు, పందులు సాళ్లకు సాళ్లే తవ్వి పోయేవి. కాబట్టి వాడి ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. వారం రోజులు అంతర్జాలంలో చదివాను.

టెక్సాస్ పందులు ఆ నేల జీవులు కావు. స్పెయిన్ వారు తెచ్చిన పెంపుడు పందులు అడవిపాలైనాయి. 1930ల ప్రాంతంలో వేటసరదాకై యూరప్ నుంచి తెచ్చిన అడవిపందులు వాటితో కలిసినాయి. నేడు వాటి సంఖ్య పాతిక లక్షలకు పైమాటేనని అంచనా. 2019 నుంచి అక్కడ సొంత భూమిలో, లేదా యజమాని అనుమతితో, వాటిని చంపటానికి వేట లైసెన్సు కూడా అక్కరలేదు. మన దేశంలో అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనిది. అక్కడి న్యాయం ఇక్కడికి అన్వయించరాదు. అన్నట్లు, అటువంటి స్కోపును అనుమతి లేకుండా అమెరికా దాటించటం కూడా నేరమే. సంచిలో వేసుకొని ఊరికి తెద్దామనుకొనే వారుంటే గమనించగలరు.

ఇక పరికరం సంగతి. వేడి గల ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు ఆవల ఏ రంగూ లేని చోట ఉష్ణమాపకం ఉంచితే పాదరసం పైకెక్కింది. ఆ కిరణాలను పట్టే చల్లార్చనక్కరలేని సెన్సర్లు 1980లలో అమెరికాలో సైనిక అవసరాలకై రూపొంది, ఆ తరువాత జనంలోకి వచ్చినాయి. మామూలు గాజు ఆ కిరణాలను పోనివ్వదు గనుక కటకం జెర్మేనియం అనే ఖరీదైన మూలకంతో చేస్తారు. ధరలో కొంత దానిది. తక్కినది సెన్సర్‌లోని చుక్కల లెక్క. 384 గుణించు 288 అంటే లక్షా పదివేల చుక్కలు, 640 గుణించు 512 అంటే మూడు లక్షల ఇరవై ఏడు వేలు. చుక్కలు పెరిగితే డాలర్లు పెరుగుతాయి.

అమ్మేవారు "1800 మీటర్ల దూరం నుంచి పసిగట్టగలదు" అని వ్రాస్తారు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో పనిచేసిన జాన్ జాన్సన్ 1958లోనే దీనికొక లెక్క కట్టాడు. ఏదో ఉన్నదని పసిగట్టటానికి ఒక వంతు వివరం చాలితే, ఎటువంటిదో పోల్చుకోవటానికి నాలుగు వంతులు, ఫలానాదేనని నిర్ధారించటానికి ఆరు వంతులకు పైగా కావాలి. అప్పటికీ చూసినవాడు సరిగ్గా చెప్పగలిగేది సగం సార్లే. అంటే 1800 మీటర్ల స్కోపు నమ్మకంగా గుర్తుపట్టేది 300 మీటర్ల లోపునే. ఆపైన కనబడేది ఒక తెల్లని మచ్చ. అది పంది కావచ్చు, పొరుగువాని దూడ కావచ్చు, వంగి బూటు తాడు కట్టుకొంటున్న మనిషి కావచ్చు. అద్దాలు మూసిన కారులో కూర్చున్న మనిషైతే దానికి అసలు కనబడనే కనబడడు.

ఇక్కడే నాకు దశరథుడు గుర్తుకు వచ్చాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాడికి రాకుండా ఎట్లా ఉంటాడు? వానకాలపు రాత్రి, సరయూ తీరం, యువరాజు వేటకై పొంచి ఉన్నాడు. నీటిలో కుండ ముంచిన బుడబుడ చప్పుడును ఏనుగు నీరు త్రాగుతున్న ధ్వని అనుకొని బాణం వేశాడు. శబ్దవేధి విద్య అతణ్ణి మోసగించలేదు. చప్పుడు ఎక్కడ పుట్టిందో బాణం సరిగ్గా అక్కడికే పోయింది. గురి తప్పలేదు. గుర్తు తప్పింది. నీళ్ల కోసం వచ్చిన మునికుమారుడు నేలకూలాడు. శబ్దవేధికి బదులు ఇప్పుడు ఉష్ణవేధి వచ్చింది. విద్య మారింది గాని, ప్రమాదం అదే చోట ఉన్నది.

పైగా స్కోపు తుపాకి మీద బిగించి ఉంటుంది. చీకట్లో కదిలినదేమిటో చూడాలంటే తుపాకిని దానివైపు త్రిప్పవలసిందే. తెలుసుకోవటానికే గురిపెట్టటం ఎంత తలక్రిందుల పని! సెలవు రోజుల్లో ఆ పొలంలో మూడు కుటుంబాల పిల్లలు గుడారాలు వేసుకొని పడుకొంటారట. ఈ మాట వాడే, వేరే సందర్భంలో, సంతోషంగా చెప్పాడు.

ఇక పంటకు లాభమెంత? సంతతి పెరగకుండా నిలపటానికే ఏటా మూడింట రెండు వంతుల పందులను తొలగించాలని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయ విస్తరణ నిపుణులు చెబుతారు. రాత్రికి ఒకటీ రెండూ కూల్చితే ఆ లెక్క తేలదు. మిగిలినవి చెదరిపోయి వేరే పొలాల్లో పడతాయి. ఈ కారణంగానే మిస్సౌరీ సంరక్షణ శాఖ 2016లో తన భూముల్లో పందులవేటను నిషేధించింది. పెద్ద దొడ్డి వంటి బోను కట్టి, మొక్కజొన్నలు చల్లి, కొన్నాళ్లు అలవాటు చేసి, మంద మొత్తం లోపలికి వచ్చాక తలుపు దించటం ఇంతకంటే పనికివచ్చే ఉపాయం. ఓర్పు కావాలి, పొరుగువారితో పొత్తు కావాలి. వేటలోని ఉత్సాహం మాత్రం ఉండదు.

కనుక నా తీర్పు ఇది. స్కోపు చెడ్డ వస్తువు కాదు. రాత్రిపూట తిరిగే పందిని పగటి స్కోపుతో పట్టలేమన్న వాడి మాటా నిజమే. కాని ముందు బోను. రెండవది, చేతితో పట్టుకొని చూసే థర్మల్ దుర్భిణి. అది ఆ ధరలో నాలుగో వంతుకు కూడా దొరుకుతుంది, దాని వెనుక తూటా ఉండదు. ఈ రెండూ ఒక ఏడాది వాడిన తరువాత కూడా అవసరమనిపిస్తే అప్పుడు స్కోపు. అప్పుడైనా దుర్భిణితో గుర్తుపట్టిన దానివైపే తుపాకి తిరగాలి.

ఇదంతా చెబితే వాడు కాసేపు ఊరుకొని, "సరే గానీ మావయ్యా, మీరు కొనమన్నారని మీ కోడలికి చెప్పేశానే!" అన్నాడు. ఆ చిక్కు ఇంకా విడలేదు.

పొలాలున్నవారు, పందుల బాధ పడినవారు మీ అనుభవం వ్రాయండి. వాడికి పంపుతాను.