నీళ్ల మీద 360 రోజులు.. ఆ తర్వాతే లైసెన్సు!

‘చదువుకోకపోతే చేపలు పట్టుకుని బతుకుతావ్’. మా కాకినాడ వైపు పిల్లల్ని ఇలాగే బెదిరిస్తారు. పదేళ్లుగా ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఇస్తున్న నేను కూడా క్లాసులో ఒకటి రెండు సార్లు ఆ మాట వాడాను. ఇప్పుడు వాడను. ఎందుకో చెప్తాను.

గత అక్టోబర్‌లో హ్యూస్టన్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాను. ఎంఎస్ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. రోజుకు పది అప్లికేషన్లు పెడతాడు, రాత్రి పది తిరస్కరణలు చదువుకుని పడుకుంటాడు. వాడి మొహం చూడలేక, ‘‘ఒక్కరోజు ఆ ల్యాప్‌టాప్ మూసెయ్‌రా’’ అన్నాను. ‘‘అయితే గాల్వెస్టన్ వెళ్దాం మామయ్యా, అక్కడ గైడ్‌ని పెట్టుకుని చేపలు పట్టొచ్చు’’ అన్నాడు. చేపలు పట్టడానికి గైడ్ ఏంటి అని నవ్వాను. డబ్బులు వందల డాలర్లలో అని తెలిశాక నవ్వు ఆగింది.

తెల్లారకముందే అడుగు భాగం చదునుగా ఉన్న చిన్న బోటు ఎక్కాం. మోకాలి లోతు నీళ్లలోనూ నడిచే బోటు అది. టెక్సస్, లూసియానా తీరం వెంబడి సముద్రానికి, నేలకు మధ్య ఇలాంటి తక్కువ లోతు ఉప్పునీటి బేలు, చిత్తడి గడ్డి మేటలు చాలా ఉన్నాయి. అక్కడ అందరూ వెతికేది రెండు చేపల కోసం. ఒకటి తోక దగ్గర నల్ల మచ్చ ఉండే రెడ్‌ఫిష్. రెండోది ఒంటి నిండా చుక్కలుండే ట్రౌట్. పేరుకే ట్రౌట్, నిజానికి రెండూ క్రోకర్ కుటుంబం చేపలే.

కెప్టెన్‌కు అరవై ఏళ్లుంటాయి. మొదటి అరగంట ఆయన గాలం ముట్టుకోలేదు, మమ్మల్నీ ముట్టుకోనివ్వలేదు. గాలి ఎటు ఉందో చూశాడు. ఆ తీరంలో పోటు, పాటుల తేడా చాలా తక్కువ. బేలో నీటిమట్టాన్ని చాలా రోజుల్లో గాలే పెంచుతుంది, తగ్గిస్తుంది. ఉత్తరగాలి గట్టిగా వీస్తే బేలోంచి నీళ్లు సముద్రంలోకి పోతాయి. అప్పుడు గడ్డిలో తిరిగే రెడ్‌ఫిష్ లోతు కాలువల్లోకి దిగుతుంది. దూరంగా పక్షులు ఒకచోట మూగి నీళ్లలోకి దూకుతుంటే అటు తిప్పాడు. చలి మొదలయ్యే వేళ రొయ్యలు గడ్డి మేటల్లోంచి బయటికొస్తాయి. కింద నుంచి ట్రౌట్ తరుముతుంది, పైన పక్షులు కాచుకుంటాయి. ఇంకోచోట నీటి మీద నూనె మెరుపు చూపించి ‘వాసన చూడండి’ అన్నాడు. పుచ్చకాయ వాసన! కింద ట్రౌట్ మేస్తుంటే పైకి ఇలాంటి నూనె తేలుతుందట. ఏ పుస్తకం చదివితే ఇది వస్తుంది?

మా దగ్గర ఉన్న సామాను మాత్రం మామూలుదే. బెండు, దాని కింద గాలం, ఎరగా బతికున్న రొయ్య. అదే సామాను మేమిద్దరం కొనుక్కుని సొంతంగా వెళ్లి ఉంటే ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాళ్లం. మేం డబ్బు కట్టింది బోటుకు కాదు, చేపకూ కాదు. ఆ అరగంట చూపుకు.

<b>బట్టీ పట్టలేని అర్హత</b>

అమెరికాలో డబ్బు తీసుకుని జనాన్ని ఇలా మోటారు బోటులో తీసుకెళ్లాలంటే కోస్ట్ గార్డ్ లైసెన్సు తప్పనిసరి. ఆరుగురు ప్రయాణికుల వరకు అనుమతి కాబట్టి దాన్ని వాడుకలో ‘సిక్స్ ప్యాక్’ అంటారు. దానికి పరీక్ష ఉంది. పడవల రాకపోకల నిబంధనల పేపర్లో 90 శాతం మార్కులు రావాలి. ప్రథమ చికిత్స సర్టిఫికెట్, ఆరోగ్య పరీక్ష, డ్రగ్ టెస్ట్ కూడా ఉంటాయి. ఇవన్నీ కష్టపడితే కొన్ని వారాల్లో అయిపోతాయి.

అవ్వనిది ఒకటుంది. నీళ్ల మీద 360 రోజుల అనుభవం చూపించాలి. అందులో 90 రోజులు గత మూడేళ్లలోవి అయి ఉండాలి. చిన్న బోట్ల విషయంలో కనీసం నాలుగు గంటలు నీళ్ల మీద ఉంటేనే అది ఒక రోజు కింద లెక్క. ఈ రోజుల్ని ఏ కోచింగ్ సెంటరూ అమ్మలేదు. ‘క్రాష్ కోర్సు’ లేదు. ఇది దాటాక టెక్సస్ రాష్ట్రం ఇచ్చే గైడ్ లైసెన్సు వేరే తీసుకోవాలి.

మధ్యాహ్నం కెప్టెన్ ఒక నోటు పుస్తకం చూపించాడు. ప్రతి ట్రిప్పుకూ తేదీ, గాలి, నీటి రంగు, ఉష్ణోగ్రత, వాడిన ఎర, చేప దొరికిన చోటు రాసుకున్నాడు. చేప దొరకని చోట్లు ఇంకా వివరంగా రాశాడు. మా వాడు చాలాసేపు పేజీలు తిప్పాడు. వాడూ వందల అప్లికేషన్లు పెట్టాడు. ఎక్కడికి ఏ రెజ్యూమె పంపాడో, ఏ రౌండ్‌లో పోయిందో, ఎందుకు పోయిందో ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ మాట నేననలేదు, ఇంటికొచ్చే దారిలో వాడే అన్నాడు.

<b>వదిలేసిన చేపే జీతం</b>

అసలు విషయం ఇంకొకటుంది. మా మేనల్లుడికి ఓ పెద్ద రెడ్‌ఫిష్ పడింది. కొలిస్తే 31 అంగుళాలు. టెక్సస్‌లో 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న రెడ్‌ఫిష్‌నే, అదీ మనిషికి రోజుకు మూడింటినే ఉంచుకోవాలి. 28 దాటితే ఫిషింగ్ లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టాలి. మా వాడి దగ్గర ట్యాగ్ ఉంది. అంటే చట్టప్రకారం ఆ చేప వాడిదే. వాడి మనసు అప్పటికే చేపల పులుసు దగ్గరికి వెళ్లిపోయింది. కెప్టెన్ మాత్రం ‘చట్టం ఒప్పుకుంటుంది, నా బోటు ఒప్పుకోదు’ అని నెమ్మదిగా నీళ్లలోకి వదిలించాడు. పెద్దవి గుడ్లు పెట్టే చేపలు, అవి పోతే పదేళ్ల తర్వాత నేనేం చూపించను అన్నాడు.

ఆ వయసు వాళ్లకు ఇది ఊరికే వచ్చిన బుద్ధి కాదు. 1980ల మొదట్లో న్యూ ఆర్లీన్స్ షెఫ్ పాల్ ప్రుధోమ్ చేసిన ‘బ్లాకెన్డ్ రెడ్‌ఫిష్’ దేశమంతా పాకింది. గిరాకీ పెరిగేసరికి పెద్ద వలలతో గుడ్ల చేపల గుంపులకు గుంపులే ఎత్తేశారు. టెక్సస్ 1981లోనే తన నీళ్లలో పట్టిన రెడ్‌ఫిష్, ట్రౌట్ అమ్మకాన్ని నిషేధించింది. 1986లో కేంద్రం కూడా తన పరిధిలోని గల్ఫ్ నీళ్లలో అత్యవసరంగా రెడ్‌ఫిష్ వేటను ఆపాల్సి వచ్చింది. ఒక్క వంటకం, కొన్ని సంవత్సరాలు.. అంతే!

2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా వేసింది. ట్రౌట్ బాగా దెబ్బతింది. 2024లో ట్రౌట్ పరిమితిని ఐదు నుంచి మూడుకు తగ్గించారు. అదే ఏడాది లూసియానా రెడ్‌ఫిష్‌ను ఐదు నుంచి నాలుగుకు తగ్గించడమే కాదు, కస్టమర్లను తీసుకెళ్లిన ట్రిప్పులో గైడ్ తన వాటా చేప ఉంచుకోకూడదని కూడా రూల్ పెట్టింది. చేపలు తగ్గితే కస్టమర్లు రారని గొణిగే గైడ్లు ఉంటారు. వాళ్ల భయం అబద్ధం కాదు, బోటు లోన్ కిస్తీ ఆగదు కదా. అయినా నా లెక్కలో ఆ రూల్ వాళ్ల ఉద్యోగ భద్రతే. చేప లేని బేలో గైడ్‌కు ఏం పని?

<b>ఇది మనకెందుకు?</b>

అమెరికా వెళ్లి ఫిషింగ్ గైడ్ అవ్వండి అని నేను చెప్పట్లేదు. స్టూడెంట్ వీసా మీద ఉండి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే అసలుకే మోసం. పైగా ఇందులో నెల జీతం లేదు. గాలి పెరిగితే ట్రిప్పు రద్దు, తుపానుల కాలంలో వారాల తరబడి ఖాళీ. కష్టాలు దాచి కెరీర్ సలహా ఇవ్వడం తప్పు.

కానీ ఫిషరీస్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గమనించండి. ఆ గైడ్ల వెనక ప్రభుత్వ హేచరీలు ఉన్నాయి. హ్యూస్టన్‌కు దక్షిణాన లేక్ జాక్సన్‌లోని సీ సెంటర్ టెక్సస్‌లో రెడ్‌ఫిష్, ట్రౌట్ పిల్లల్ని పెంచి బేలలో వదులుతారు. మన దగ్గర హేచరీ అంటే చెరువుకు పిల్లను అమ్మడమే అనుకుంటాం. సముద్రానికి తిరిగి ఇవ్వడానికి కూడా హేచరీ పెడతారని, అందులోనూ ఉద్యోగాలుంటాయని మన సిలబస్ బయట కూడా ఆలోచించాలి.

మిగతావాళ్లకూ ఓ మాట. మా ఊరి పక్కన కోరింగ మడ అడవుల్లో పోటు, పాటులు చూసి కాలువ పేరు చెప్పగల పడవవాళ్లు ఉన్నారు. పండుగప్ప ఏ మలుపులో ఉంటుందో వాళ్లకు తెలుసు. వాళ్ల తెలివికి మనం లైసెన్సూ ఇవ్వలేదు, గౌరవమూ ఇవ్వలేదు. అభయారణ్యంలో ఇష్టమొచ్చినట్టు గాలం వేయకూడదు, సరే. కానీ వాళ్లు నీళ్ల మీద గడిపిన రోజుల్ని లెక్కగట్టి, శిక్షణ ఇచ్చి, గైడ్లుగా గుర్తించడానికి అడ్డేముంది? ఆ పని రేపు టూరిజం, ఫిషరీస్ శాఖల్లో చేరబోయే మీలాంటివాళ్లే చేయాలి.

ఇక ఉద్యోగం వెతుక్కునే ప్రతి ఒక్కరూ తమను తాము రెండు ప్రశ్నలు అడగండి. నేను నేర్చుకుంటున్న దాంట్లో డబ్బిచ్చి కొనలేని రోజులు ఎన్ని ఉన్నాయి? నేను చేరబోయే రంగం తన బేను కాపాడుకుంటోందా, ఖాళీ చేస్తోందా? ఆఫర్ లెటర్లో ఈ రెండూ ఉండవు. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు ప్యాకేజీతో పాటు ఇవి కూడా అడగండి.

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చిందా అంటే.. ఇంకా రాలేదు. కాకపోతే ఓ నోటు పుస్తకం కొన్నాడు. మొన్న ఫోన్‌లో చెప్పాడు, మూడో రౌండ్‌లోనే ఎక్కువసార్లు పోతోందట, అదీ ఒకే రకం ప్రశ్న దగ్గర. చేప దొరకని చోటు తెలిసింది. ఇప్పుడు ఆ ప్రశ్న మీదే కూర్చున్నాడు.