బుడమేటి వరద: దైవికమా? ఉపేక్షయా?

బెజవాడవారికి కృష్ణవలని భయము తాతల నాటినుండి కలదు. బుడమేటివలని భయమును మాత్రము వారు మరచియుండిరి. 2024వ సంవత్సరము ఆగస్టు మాసాంతమున కురిసిన కుంభవృష్టి ఆ మరపునకు తగిన శిక్షనే విధించినది. 31వ తేదీని మొగల్రాజపురమున కొండచరియ విరిగి యిండ్లపై బడి ప్రాణములను గొన్నది. మరునాడు, సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమున, సింగునగరము, పాయకాపురము, కండ్రిక, నందమూరి నగరము, రాజరాజేశ్వరీపేట మున్నగు పేటలు నిలువెత్తు నీటిలో మునిగినవి. లక్షలకొలది జనులు మేడలపైకిని మిద్దెలపైకిని ఎక్కి, త్రాగుటకు చుక్క నీరు లేక, చుట్టును నీటినే చూచుచు రాత్రులు గడపిరి. సింగునగరపు వంతెనయే పడవల రేవైనది.

ఈ ఉపద్రవము జరిగిన తీరు మొదట తెలిసికొనవలయును. తప్పెవ్వరిదో నిర్ణయించుట దాని పిమ్మటి మాట. బుడమేరు మైలవరపు కొండలలో బుట్టి, వెలగలేరు మీదుగా బెజవాడ యుత్తరపు పల్లములను ఒరసికొనుచు, ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ క్రిందుగా దూరి, తుదకు కొల్లేటిలో కలియుచున్నది. వేసవిలో చూచినవారికి ఇది మురుగు కాలువ వలె దోచును గాని ఏరని తోచదు. దీని వరద పట్టణముపై బడకుండ వెలగలేరు వద్ద లాకులు గట్టి, నీటిని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువనే కృష్ణలోనికి ద్రోయు నేర్పాటు చేసిరి. ఏర్పాటు మంచిదే. కాని దీనికి ఒక నియమము కలదు: బుడమేరు పొంగిననాడు కృష్ణ తగ్గియుండవలెను.

ఆనాడు కృష్ణ తగ్గి యుండలేదు. పైనుండి శ్రీశైలము, నాగార్జునసాగరముల నీరు వచ్చుచుండగా, ఖమ్మమును ముంచి వచ్చిన మున్నేరు పులిచింతలకు దిగువను వచ్చి కృష్ణలో పడినది. పులిచింతల దాటిన పిమ్మట ఆ నీటిని పట్టి యుంచగల జలాశయము బ్యారేజివరకు మరొక్కటి లేదు. సెప్టెంబరు 2వ తేదీని ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము సాగినది. 1957లో ఆ బ్యారేజి గట్టిన పిమ్మట అంతటి వరద ఎన్నడును రాలేదు. అట్టి కృష్ణ బుడమేటి నీటిని లోనికి రానిచ్చునా? మళ్లింపు కాలువ నీరు ముందునకు సాగక, వెనుకనుండి వచ్చు నీరు ఆగక, కొండపల్లి శాంతినగరము వద్ద కట్టకు మూడు గండ్లు పడినవి. వెలగలేరు లాకులు ఎత్తిన నీరును, గండ్లనుండి వచ్చిన నీరును కలిసి, ఏటి పాత దారిని వెదకికొనుచు పట్టణములోనికి వచ్చినవి. ఏరు తన దారిని మరువలేదు. ఆ దారిలో మూడు తరములుగా వీధులు వెలసినవని దానికి తెలియదు గదా!

సేవ చేసినవారిని స్మరింపకుండుట కృతఘ్నత యగును. సైన్యమువారు, విపత్తు దళములవారు, ట్రాక్టర్లతో వచ్చిన పల్లెటూరి రైతులు, పులిహోర పొట్లములు మూటలు గట్టి నడుములోతు నీటిలో మోసిన యువకులు, వీరందరును పట్టణము పరువు నిలిపిరి. డ్రోనులచే అన్నపు పొట్లములు మేడలపై దింపుట తెలుగుదేశమున క్రొత్త దృశ్యము. ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడుగారు కలెక్టరు కార్యాలయమునందే బస చేసి పనులు నడపిరి. సెప్టెంబరు 7వ తేదీకి మూడవ గండియు పూడినది. పిదప అగ్నిమాపక శకటములు వచ్చి ఇండ్లలోని బురద కడిగినవి. వీని సరసనే, ప్రాణభయముతో నున్నవారిని పడవ యెక్కించుటకు వేలు అడిగినవారును గలరని వినవచ్చినది. వారి విషయము వారి యంతరాత్మలకే వదలుదుము.

నేల అంతస్తు మునిగిన కుటుంబమునకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు అని ప్రభుత్వమువారు ప్రకటించిరి. ఇచ్చినదానిని తక్కువ చేయము. అయినను కుట్టుమిషను పోయిన దర్జీకి, ఆటో మునిగిన డ్రైవరునకు, చిల్లర కొట్టు సరకంతయు కుళ్లిన వర్తకునకు, క్రయపత్రములును పిల్లల పరీక్షా పత్రములును నానిపోయిన గృహస్థునకు ఈ సొమ్ము ఓదార్పు మాత్రమే గాని పరిహారము కాదు. ఓదార్పు దయవలన నిచ్చునది. పరిహారము బాధ్యతవలన నిచ్చునది. కనుక బాధ్యత ఎవరిది యను ప్రశ్న తప్పదు.

వర్షము దైవాధీనమనియు, ఏలినవారేమి చేయుదురనియు కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఈ వాదము న్యాయస్థానములకు క్రొత్త గాదు. చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరము జమీందారీలోని చెరువులు అతివృష్టికి తెగి రైలుదారిని పాడుచేయగా, మదరాసు రైల్వే కంపెనీవారు జమీందారుపై దావా వేసిరి. 1874లో ప్రీవీ కౌన్సిలువారు జమీందారునకు అనుకూలముగా తీర్పు చెప్పిరి. చెరువులు ఈ దేశమున ప్రజల ప్రాణాధారములు. వానిని కాపాడుట జమీందారు విధి. ఉపేక్ష యున్నట్లు రుజువు కానిదే అతడు బాధ్యుడు కాడని వారి యభిప్రాయము. ఈ తీర్పును ఏలినవారి పక్షమున ఉదాహరింప బోవువారు దాని రెండవ ముఖమును గూడ చూడవలెను. ఉపేక్ష రుజువైనచో తప్పించుకొన దారి లేదు.

ఇక్కడ ఉపేక్ష కలదా? 2005 సెప్టెంబరున ఇదే బుడమేరు ఇదే సింగునగరమును ముంచినది. మళ్లింపు కాలువను వెడల్పు చేయవలెనను మాట అప్పటిదే. పందొమ్మిది సంవత్సరములు గడచినవి, ప్రభుత్వములు మారినవి, ఒక్కొక్కరు వెనుకటివారిని నిందించిరి, కాలువ మాత్రము వచ్చిన వరదకు చాలినది కాదు. ఒకసారి వచ్చిన వరద దైవికము కావచ్చును. రెండవసారి అదే దారిని వచ్చిన వరదకు ముందుగా నోటీసు అందినట్లే. నోటీసు అందుకొని ఊరకున్నవానిని ధర్మశాస్త్రము ఏమనునో వకీలును అడుగనక్కరలేదు. లాకులెత్తిన వార్తకంటె ముందే నీరు ఇంటిలోనికి వచ్చినదని సింగునగరవాసులు వాపోయిరి. ఇది నిజమైనచో దానికి కారణము కాలువ చాలకుండుట గాదు, మనుష్యుల అజాగ్రత్తయే.

ఆక్రమణదారులవలననే ఇదంతయు జరిగినదని వేరొక వాదము. ఇందు సత్యము లేకపోలేదు. నదీతీరములు ప్రజల సొత్తు, ప్రభుత్వము దానికి ధర్మకర్త మాత్రమే యని బియాసు నది వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు 1996లోనే స్పష్టము చేసిరి. కాని ఏటి పల్లమున ఇల్లు గట్టినవాడు రహస్యముగా కట్టెనా? అతనికి స్థలము రిజిస్టరు చేసినవారెవరు? ఇంటి పన్ను పుచ్చుకొని రసీదు ఇచ్చినవారెవరు? దీపము, కొళాయి, రోడ్డు ఇచ్చినవారెవరు? అంతయేల, వాంబే కాలనీ కట్టినది ప్రభుత్వమే గదా! ఆ కాలనీయు నీట మునిగినది. ప్రతి కాగితముపైనను ఒక సర్కారు ముద్ర యుండగా, దోషమంతయు పేదవాని నెత్తిన వేయుట న్యాయము కాదు. పేవుమెంటు మీద గుడిసె వేసికొన్నవానిని సైతము నోటీసు ఇచ్చి వాని మాట వినక తొలగింపరాదని బొంబాయి వ్యాజ్యమున 1985లో సుప్రీముకోర్టువారే చెప్పిరి. ఏటి గర్భములోని కట్టడములు తీయవలసినవే. అయితే వరుస పెద్దవారి గోడలనుండి మొదలుకావలెను. పేదవానికి మెరక నేలపై ఇల్లు చూపిన పిమ్మటనే గునపము ఎత్తవలెను.

దిగువను కొల్లేటి సంగతి గూడ మరువరాదు. ఏరు చేరవలసిన సరస్సే చేపల చెరువుల గట్లతో నిండియుండగా నీరు నిలుచుటకు తావెక్కడిది? 2006లో గట్లు కొన్ని తెగగొట్టిరి. అవి మరల లేచినవి. కొల్లేటినుండి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటియే. దానిలో పూడిక పెరిగినకొలది ఎగువనున్న ఊళ్లలో నీరు నిలుచును. బెజవాడవారు ఉప్పుటేటిని గూర్చి అడుగుట విడ్డూరముగా దోచవచ్చును గాని, వారి వీధిలోని నీటికిని దానికిని సంబంధము కలదు.

చేయదలచినవారికి దృష్టాంతము దూరమున లేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టను బెట్టుకొన్నది. నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా అడిగినది. ఆయన యెగువను జలాశయములు కట్టుడనెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. అది రాచరికము, ఓటు అడుగు పని లేనిది. మనది ప్రజాప్రభుత్వము. మన కార్యాలయములందు వరదకంటె వేగముగా తగ్గునది ఒక్క జ్ఞాపకశక్తియే యని పరాయివారు నవ్వకుండ చూచుకొనవలెను.

మేము కోరునవి గొంతెమ్మ కోరికలు గావు. వెలగలేరునుండి కృష్ణవరకు గల కాలువ ఎంత నీటికి చాలునో, ఎంతకు చాలవలెనో ఇంజనీర్లు వ్రాసిన లెక్కను తెలుగులో అచ్చువేసి ప్రకటింపవలెను. వెలగలేరునుండి కొల్లేటివరకు బుడమేటి హద్దులు కొలిచి రాళ్లు పాతవలెను. ఆ హద్దుల లోపల క్రొత్తగా కట్టుటకు అనుమతి ఇచ్చిన యుద్యోగి పేరు ఆ అనుమతి కాగితముతో పాటు బహిరంగము కావలెను. లాకులు ఎత్తుటకు ముందు ఏయే పేటకు, ఎన్ని గంటల ముందు, ఎవరు చెప్పవలెనో నిర్ణయించి, ఆ పేర్లును టెలిఫోను సంఖ్యలును ప్రతి పేటలోని పఠన మందిరపు గోడకు, చౌకధరల దుకాణపు గోడకు అంటింపవలెను. ఈ నాలుగింటిలో చివరిదానికి ధనము అక్కరలేదు, శాసనమును అక్కరలేదు. ఒక్క వారము దినముల పని. దానితోనే మొదలుపెట్టుదురు గాక.